గొలుసు చేతిలో, కుక్క వీధిలో

అనంతపురంలో పొద్దున్నే వాకింగ్‌కు పోయేవాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. ఓ పెద్దమనిషి చేతిలో గొలుసు వేలాడుతుంటుంది. ఆ గొలుసుకు ఉండాల్సిన కుక్క ఇరవై అడుగుల ముందు ఎవరి కాళ్లో వాసన చూస్తుంటుంది. ఆ కాళ్లవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడిపోతారు. వెనక నుంచి తీరిగ్గా ఓ మాట వినిపిస్తుంది: ‘ఏం చేయదు లేప్పా, పోండి.’ చేయదన్న సంగతి ఆయనకు తెలుసు. కుక్కకు తెలుసో లేదో మాత్రం పిక్క పట్టుకునేదాకా తెలియదు.

కుక్కల బెడద అనగానే అందరి వేలూ వీధి కుక్కల వైపే పోతుంది. 2025 ఆగస్టులో, మళ్లీ నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల మీద టీ అంగళ్ల దగ్గర కూడా వాదనలు జరిగాయి. జరగాల్సిందే. అయితే వీధి కుక్కకు అడిగే నాథుడు లేడు, ఇంటి కుక్కకు ఉన్నాడు. ఉన్నవాడినే అడగలేని ఊరు లేనివాటిని ఏం అదుపు చేస్తుంది? పైగా నేటి వీధి కుక్కల్లో కొన్ని నిన్నటి ఇంటి కుక్కలే. ముద్దుగా తెచ్చుకుని, పెరిగాక భారమై, ఊరి చివర బండిలోంచి దించేసి వదిలేసినవే.

చట్టం లేక ఈ పరిస్థితి రాలేదు. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికో, తీవ్ర గాయానికో ప్రమాదం ఉండి కూడా జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాత శిక్షాస్మృతిలో ఈ జరిమానా 1,000 రూపాయలే. పెంపుడు జంతువుకు టీకాలు వేయించే బాధ్యత యజమానిదేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. పల్లెల్లోనూ కుక్కలకు, పందులకు లైసెన్సు ఉండాలని రాష్ట్ర ప్రభుత్వం 2020లోనే జీవో ఇచ్చింది. మన వీధిలో లైసెన్సు చూపించగలిగే ఇల్లు ఎన్ని?

లైసెన్సు అంటే ఇంకో పన్ను అనుకుంటున్నారు చాలామంది. అసలు విషయం రేబిస్. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకని జబ్బు ఇది. వీధి కుక్క కరిస్తే జనం ఆసుపత్రికి పరిగెత్తుతారు. పక్కింటి బుజ్జి కుక్కపిల్ల పన్ను గీరితే మాత్రం ‘మనదే కదా’ అని పసుపో, కారమో అద్ది ఊరుకుంటారు. ప్రమాదం అక్కడే ఉంది. ఆ కుక్కపిల్లకు టీకా పడిందో లేదో ఇంట్లోవాళ్లకే గుర్తుండదు. మూడో నెలలో మొదటి టీకా, ఆ తర్వాత డాక్టర్ చెప్పినప్పుడల్లా మళ్లీ వేయిస్తే సరిపోయే పని ఇది. కరిచాక మొదట చేయాల్సింది గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. తర్వాత ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పోవడం. కుక్కకు టీకా పడిందని చెప్పినా పోవాల్సిందే. బొడ్డు చుట్టూ 14 సూదులు అనే భయం ఇంకా పోలేదు గానీ, ఆ సూదుల కాలం పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు వేసేది చేతికే.

2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కలను నిషేధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. మాకైతే జాతి గొడవ కన్నా గొలుసు గొడవే ముఖ్యం. నాటు కుక్క కరిచినా రక్తమే వస్తుంది.

కుక్కలు పెంచేవాళ్ల బాధలూ లేకపోలేదు. కుక్క ఉందంటే ఇల్లు అద్దెకివ్వరు, లిఫ్టు ఎక్కనివ్వరు. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం అపార్ట్‌మెంటు సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఉన్నా, తగాదా వచ్చినప్పుడు చేతిలో లైసెన్సు కాగితం ఉంటే ఆ ధీమానే వేరు. మందల వెంట తిరిగే గొర్రెల కాపరుల కుక్కల సంగతి వేరుగా చూడాలి. వాటికి రుసుము లేకుండానే లైసెన్సు టోకెన్ ఇవ్వాలి, టీకా మందు మందల దగ్గరికే పోవాలి.

చెన్నైలో లైసెన్సుతో పాటు కుక్క చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ దాకా వెళ్లారు. మనకు అంత అవసరం లేదు. ఏటా జూలై 6న, 1885లో లూయీ పాశ్చర్ తొలిసారి ఓ బాలుడికి రేబిస్ టీకా వేసిన రోజున, పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. కుక్కలను ఎత్తుకుని, బైకు ముందు కూర్చోబెట్టుకుని జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. వాళ్లను మళ్లీ ఇంకో ఆఫీసు చుట్టూ తిప్పడం ఎందుకు? అనంతపురం, కర్నూలు, కడప నగరపాలక సంస్థలు మూడూ ఆ ఒక్క రోజు ఆ వరుస చివర ఓ టేబుల్ వేయాలి. టీకా తేదీ చెక్కిన బిళ్ల అక్కడే కుక్క మెడకు కట్టి, రసీదు చేతికివ్వాలి. మర్నాటి నుంచి మెడలో బిళ్ల లేని పెంపుడు కుక్కకు, గొలుసు లేకుండా వీధిలోకి వచ్చిన కుక్కకు జరిమానా రాయాలి. మొదటి రసీదు కార్పొరేటర్ ఇంటి కుక్కదైతే ఇంకా మంచిది.