తోక ఊపింది కదా అని చేయి చాపకండి

"కొత్త కుక్కను మచ్చిక చేసుకునే సూత్రాలు" అంటూ ఒక సందేశం ఫోన్ల నిండా తిరుగుతోంది. "పిల్లలకు తప్పక చదివి వినిపించండి" అని దానికో తోక కూడా తగిలించారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: తోక ఊపే కుక్క కరవదు. చేయి ముక్కు దగ్గర పెట్టి వాసన చూపిస్తే చాలు, స్నేహం కుదిరిపోతుంది. మీద మీదకు వస్తే కళ్ళలోకి సూటిగా చూడండి, పైచేయి మనదేనని తెలిసి లొంగుతుంది. గుర్రుమంటే అప్పుడే గద్దించి మాన్పించాలి. మొరిగేది ఎలాగూ కరవదు. భయపడితే మాత్రం ఆ వాసన పసిగట్టి కరుస్తుంది. ఒకవేళ కరిచినా, పెంపుడు కుక్కయితే కంగారు అక్కర్లేదు.

తోక సంగతి ముందు చూద్దాం, ఎక్కువమంది నమ్మేది అదే కాబట్టి. తోక ఆడుతోందంటే కుక్క లోపల ఏదో కదలిక ఉందని మాత్రమే తెలుస్తుంది. అది సంతోషమో, కంగారో, కోపమో తోక ఒక్కటే చెప్పలేదు. నడుము కూడా తోకతో పాటు ఊగుతూ, నోరు కాస్త తెరుచుకుని, ఒళ్ళంతా వదులుగా, కొంచెం వంకరగా నడుచుకుంటూ వచ్చే కుక్కకు మనతో పేచీ లేదు. గేటు వెనక నిలబడిన ఇంకో కుక్కను చూడండి. తోక నిట్టనిలువుగా లేచి ఉంటుంది, కొస మాత్రం చకచకా కదులుతుంటుంది. నోరు గట్టిగా మూసి ఉంటుంది. బరువంతా ముందుకాళ్ళ మీద మోపి, చూపు మన మీద నుంచి తిప్పదు. సందేశం లెక్క ప్రకారం ఇదీ తోక ఊపుతున్న కుక్కే! కాళ్ళ మధ్యకు తోక ముడుచుకుని కొస మాత్రం ఆడించే కుక్కా అంతే. అది మనల్ని రమ్మనడం లేదు, వదిలేయమని బతిమాలుతోంది. పారిపోయే దారి మూసేస్తే కరిచేది అదే.

2007లో ఇటలీ పరిశోధకులు ఈ ఊపునే వీడియో తీసి కొలిచారు. యజమాని కనబడితే తోక ఎక్కువగా కుడివైపుకు, దబాయించే కొత్త కుక్క కనబడితే ఎడమవైపుకు ఊగిందని తేలింది. రోడ్డు మీద నిలబడి మనం కుడి ఎడమలు లెక్కపెట్టలేం. ఊపినంత మాత్రాన ఒకే అర్థం కాదని తెలుసుకోవడానికి మాత్రం ఇది చాలు. అసలు తోక కత్తిరించిన కుక్కలూ, వీపు మీదకు చుట్టుకుపోయిన తోకల కుక్కలూ ఉన్నాయి. వాటి సంగతి ఈ సూత్రం రాసినాయనే చెప్పాలి.

తోక కన్నా నమ్మదగిన గుర్తు ఒకటుంది: ఒళ్ళు బిగుసుకుపోవడం. అప్పటిదాకా కదులుతున్న కుక్క ఉన్నట్టుండి కొయ్యబారిపోయి, తెరిచిన నోరు మూసిందంటే చేయి ఎక్కడుంటే అక్కడే ఆపి, మెల్లగా వెనక్కి తీసుకోవాలి. కరవబోయే ముందు చాలా కుక్కలు ఆ క్షణంపాటు ఆగుతాయి.

ఇక చేయి చాపడం. చూడ్డానికి మర్యాదగా ఉంటుంది కాబట్టి ఇదే ఎక్కువ కొంప ముంచుతుంది. మన వాసన కుక్కకు మనం చూపించక్కర్లేదు, అల్లంత దూరాన ఉండగానే పట్టేస్తుంది. చేయి చాపితే కొత్తగా తెలిసేది ఒక్కటే: ముక్కూ మొహం తెలియని మనిషి తన మూతి మీదకు వస్తున్నాడని. మెడకు పట్టీ ఉన్న కుక్కకు తప్పుకోవడానికి చోటు కూడా ఉండదు.

ఇలాంటిది ఎవరైనా చూసే ఉంటారు. పట్టీ పట్టుకుని యజమాని నిలబడ్డాడు. ఒక చిన్న పిల్ల పరుగున వచ్చి "అంకుల్, ముట్టుకోనా?" అంటుంది. "ఏమీ అనదమ్మా, బంగారం అది" అంటాడాయన. పిల్ల చేయి తల మీదకు వెళ్తుంది. కుక్క మొహం పక్కకు తిప్పుకుంటుంది. ఏమీ తినకుండానే నాలుకతో ఒకసారి మూతి నాక్కుంటుంది. నిద్ర రాకుండానే ఆవులిస్తుంది. తల అటు తిప్పినా కంటిపాప మాత్రం పిల్ల వైపే ఉంటుంది, కంటి కొసన తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది. నాలుగుసార్లు వద్దంది. యజమానీ, పిల్ల వెంట వచ్చిన పెద్దాయనా దాని మీద నుంచే కబుర్లు చెప్పుకుంటున్నారు. ఐదోసారి పళ్ళతో చెబితే "హఠాత్తుగా కరిచిందండీ" అంటారు. పిల్లల ఎత్తుకు ఆ గాటు పడేది తరచుగా మొహం మీదే.

ముట్టుకోవాలనే ఉంటే ముందు యజమానిని అడగాలి, తర్వాత కుక్కను అడగాలి. దాన్ని అడగడమంటే నాలుగడుగుల దూరంలో కాస్త పక్కకు తిరిగి నిలబడి, చేతులు కిందికి వదిలేసి, అదే వస్తుందేమో చూడటం. రాకపోతే లేదు. వచ్చి ఒళ్ళు వదులుగా ఆనుకుంటే తల మీద కాకుండా ఛాతీ దగ్గరో భుజం పక్కనో మూడు సెకన్లు నిమిరి చేయి తీసేయాలి. ఇంకా కావాలని జరిగితే ఇంకాస్త, ఒళ్ళు దులుపుకుని వెళ్ళిపోతే అంతటితో సరి. తింటున్న, నిద్రపోతున్న, పిల్లల్ని పెట్టుకున్న, కట్టేసి ఉన్న కుక్క దగ్గరికి అసలు వెళ్ళొద్దు, యజమాని ఎంత భరోసా ఇచ్చినా సరే.

కళ్ళలోకి చూసి లొంగదీయడం తోడేళ్ళ నుంచి వచ్చిన పాత ముచ్చట. 1947లో జంతువుల ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్ళను చూసి వాటి పెత్తనం పోరాటాల గురించి రాశాడు. 1970లో ఆ ఆలోచనకు విస్తృత ప్రచారం ఇచ్చిన తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించాక 1999లో తనే దాన్ని సవరించాడు. మామూలుగా తోడేళ్ళ గుంపంటే ఒక కుటుంబం. ముందు నడిచేది కొట్లాడి గెలిచిన మొనగాడు కాదు, అమ్మానాన్నలు. కుక్కల మీద మన పెత్తనం సిద్ధాంతానికి పునాదే అలా కదిలిపోయింది. తెలియని మనిషి రెప్పవేయకుండా చూస్తే కుక్కకు అది కయ్యానికి పిలుపు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 2009లో యజమానుల్ని అడిగి చూస్తే, లొంగేదాకా కళ్ళలోకి చూసినవారిలో 30 శాతం మందికి, కొట్టడమో తన్నడమో చేసినవారిలో 43 శాతం మందికి కుక్క ఎదురుతిరిగింది. సొంత యజమానుల మీదే ఇలా ఉంటే దారినపోయే వాళ్ళ మాట చెప్పాలా? ఇంట్లో కుక్క మన కళ్ళలోకి ప్రేమగా చూస్తుంది కదా అంటారు. నిజమే, అది నమ్మకం కుదిరిన వాళ్ళతో.

గుర్రుమంటే గద్దించమనడం ఇంకా ప్రమాదం. గుర్రుమనడమంటే కరవకుండా గండం గట్టెక్కాలని కుక్క చేసే ప్రయత్నం. దెబ్బలు తిని అది మానేసిన కుక్కకు భయం పోదు, హెచ్చరిక పోతుంది. ఎదుటివాళ్ళకు మిగిలేది కాటు.

మొరిగే కుక్క కరవదన్నది సామెతగా బాగుంది. మొరిగి కరిచేవీ, మొరగకుండా కరిచేవీ బోలెడు.

భయం వాసన మాటలో కొంత నిజముంది. ఇటలీలోని నేపుల్స్ పరిశోధకులు 2018లో భయపడిన మనుషుల చెమట వాసన చూపిస్తే కుక్కలే ఒత్తిడికి లోనై యజమానుల దగ్గరకు చేరాయి, కొత్త మనిషి జోలికి తక్కువగా వెళ్ళాయి. పసిగట్టడం వరకూ సరే, వాసన రాగానే మీదపడి కరుస్తాయనడం కట్టుకథ. అందుకని "భయపడకు" అని పిల్లల్ని ఊదరగొట్టడం వృథా, భయం చెబితే పోదు. కాళ్ళను ఆపమని చెప్పండి, అది చేయగలరు. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం. చేతులు ఒంటికి ఆనించి, కేకలు పెట్టకుండా, నేల చూపులు చూస్తూ చెట్టులా నిలబడాలి. అది ఆసక్తి పోయి కదిలాక పక్కకు తిరిగే మెల్లగా తప్పుకోవాలి. మీదకే వస్తే చేతిలోని సంచినో గొడుగునో మధ్యన అడ్డం పెట్టండి. కింద పడితే బంతిలా ముడుచుకుని, వేళ్ళు మెడ వెనక పెనవేసి, మోచేతులతో చెవులు కప్పుకోవాలి.

పెంపుడు కుక్క కరిస్తే కంగారు అక్కర్లేదన్న చివరి సూత్రం ప్రాణాల మీదకు తెచ్చేది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టడం దాదాపు లేదు, ముందే టీకా పడితే దాదాపు ఎవరూ పోరు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచే. గాటు చిన్నదైనా, రక్తం రాని గీరుడైనా, చర్మం చీరిన చోట కుక్క నాకినా, సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. చర్మం చీరి రక్తం వచ్చిన గాట్లకు టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా ఎక్కిస్తారు. పెంపుడు కుక్కయితే పది రోజులు కనిపెట్టి ఉండమంటారు. అది సూదులు మొదలుపెట్టాక చేసే పని, సూదులు వాయిదా వేసుకోవడానికి కాదు. పదో రోజుకూ కుక్క ఆరోగ్యంగా తిరుగుతుంటే మిగతా డోసులు ఆపాలో లేదో డాక్టరే చెబుతారు.