"2.4 అయితే చాలు, కళ్లు మూసుకుని కొనండి" అనే ఫార్వర్డ్‌కి జవాబు

ఈ నెలలో ఆ ఫార్వర్డ్ నాకు రావడం ఇది మూడోసారి. డల్లాస్ చుట్టుపక్కల ఆర్‌సీ కార్లు, అంటే రిమోట్‌తో నడిచే చిన్న కార్లు, నడిపే తెలుగువాళ్లం పది పదిహేను మందిమి ఉంటాం. మొదట ఆ గ్రూపులో వచ్చింది, తర్వాత ఇంకో గ్రూపులో. మొన్నీమధ్య ఒక తమ్ముడు విడిగా పంపించి, "అన్నా, ఇది నిజమేనా? శనివారం ఒకటి చూడ్డానికి వెళ్తున్నా" అని అడిగాడు. అతనికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫార్వర్డ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "కొత్త రేడియో కొనడం డబ్బు దండగ. ఒకప్పటి టాప్ మోడల్ సెకండ్ హ్యాండ్‌లో కళ్లు మూసుకుని కొనండి. 2.4 గిగాహెర్ట్జ్ అయితే ఏ రిసీవర్ అయినా కలుస్తుంది. ఎలక్ట్రానిక్స్ అరగవు. పాత ఓనర్ సెట్టింగులు ఫ్రీగా వస్తాయి, తుడిచేయకండి. మిల్లీసెకన్లు ఎంత తక్కువైతే రేసులో అంత ముందుంటారు. ఇంకా చవగ్గా కావాలంటే క్రిస్టల్ రేడియో తీసుకోండి, దానికి రేంజ్ ఎక్కువ."

కొత్తవాళ్లకి ఒక్క మాట. కారు మనం చెప్పినట్టు వినడానికి చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్‌నే మేం రేడియో అంటాం. పిస్తోలు ఆకారంలో ఉంటుంది. చూపుడు వేలి కింద ట్రిగ్గర్, పక్కన చిన్న స్టీరింగ్ వీల్. కారులో ఉండేది రిసీవర్. ఈ రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టేలా కలపడాన్ని బైండ్ చేయడం అంటాం.

సెకండ్ హ్యాండ్ వద్దని నేను అనడం లేదు. నేను వాడుతున్నది కూడా వేరేవాళ్ల చేతిలో మూడేళ్లు నలిగిందే. నా గొడవంతా ఆ "కళ్లు మూసుకుని" అన్న మాటతోనే.

"2.4 అయితే ఏ రిసీవర్ అయినా కలుస్తుంది"

మొత్తం మెసేజ్‌లో జేబుకి ఎక్కువ చిల్లు పెట్టేది ఈ వాక్యమే. 2.4 గిగాహెర్ట్జ్ అనేది రేడియో తరంగాల్లో ఒక బ్యాండ్, అంతే. మీ ఇంట్లో వైఫై అక్కడే పనిచేస్తుంది, బ్లూటూత్ అక్కడే, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. బ్యాండ్ ఒకటైతే చాలు కలుస్తుందంటే, మన కారు ఓవెన్‌తో కూడా బైండ్ అవ్వాలి మరి.

కలవాల్సింది ప్రోటోకాల్, అంటే రేడియో, రిసీవర్ మాట్లాడుకునే భాష. అది కంపెనీకో రకం. అక్కడితో ఆగినా బాగుండేది, ఒకే కంపెనీలో తరానికో రకం. ఫుటాబా సంగతే చూడండి. ఫాస్ట్, ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్, ఎస్-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్, టీ-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ అని వరసగా వచ్చాయి. 4పీకే ఒకప్పుడు వాళ్ల పెద్ద మోడల్, అది మాట్లాడేది ఫాస్ట్. ఆర్304ఎస్‌బీ అనే రిసీవర్ కూడా ఫుటాబాదే, కానీ దానికి తెలిసింది టీ-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్. రెండింటి మీదా ఒకే పేరు, ఒకే లోగో. రాత్రంతా బైండ్ బటన్ నొక్కుతూ కూర్చున్నా అవి కలవవు.

సాన్వా దగ్గరికొస్తే ఎఫ్‌హెచ్3, ఎఫ్‌హెచ్4, ఎఫ్‌హెచ్5. ఎం12 మోడల్‌లో మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదు. చవక రకమని పేరున్న ఫ్లైస్కైలోనూ అంతే. జీటీ3బీకి వచ్చే ఏఎఫ్‌హెచ్‌డీఎస్ రిసీవర్ తీసుకెళ్లి జీటీ5కి కలుపుదామంటే కుదరదు, అది ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ. స్పెక్ట్రమ్ అనే కంపెనీలో డీఎస్‌ఎం, డీఎస్‌ఎం2, డీఎస్‌ఎంఆర్ ఉన్నాయి.

అందుకే ముందు అడగాల్సింది రేడియో ధర కాదు, "దీంతో ఎన్ని రిసీవర్లు ఇస్తున్నారు?" అని. నాకు మూడు కార్లున్నాయి. మంచి జపాన్ కంపెనీ రిసీవర్ ఒక్కోటి వంద డాలర్ల దాకా పలుకుతుంది. రేడియో నూటయాభైకే వచ్చిందని సంబరపడి ఇంటికొచ్చాక, రిసీవర్లకి మూడు వందలు పెట్టినవాళ్లని చూశాను. ఏనుగు చవగ్గా వస్తే వచ్చింది, మేత మాటేమిటి? ఇంకో తిరకాసు కూడా ఉంది. పాత ప్రోటోకాల్ రిసీవర్లు తయారవడం ఆగిపోతే, వాడినవే వెతుక్కోవాలి. ఏ కంపెనీవో తెలియని కాపీలు దొరుకుతాయి. కొన్ని బాగానే పనిచేస్తాయి, కొన్ని సరిగ్గా జంప్ మీద ఉన్నప్పుడు కునుకు తీస్తాయి.

"ఎలక్ట్రానిక్స్ అరగవు"

పాత టేప్ రికార్డర్లు గుర్తున్నాయా? వాల్యూమ్ తిప్పితే గరగరమనేది. ఒక్కోచోట పాట చటుక్కున పెరిగేది, ఒక్కోచోట పూర్తిగా ఆగిపోయేది. ఆ నాబ్ కింద ఉండేది పొటెన్షియోమీటర్, వాడుకలో పాట్. లోపల కార్బన్ పూత మీద చిన్న లోహపు నాలిక రాసుకుంటూ తిరుగుతుంది. మన రేడియోల్లో చాలావాటికి స్టీరింగ్ వీల్ కింద, ట్రిగ్గర్ వెనక ఉండేది సరిగ్గా అదే. కొన్ని కొత్తవాటిలో అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లు పెడుతున్నారు, వాటిలో రాపిడి ఉండదు. పాతవాటిలో మాత్రం వారం వారం రేసు చేసినవాళ్ల చేతిలో పాట్ అరుగుతుంది. అది కూడా మధ్యలోనే ఎక్కువ అరుగుతుంది, ఎందుకంటే వీల్ ఎక్కువసేపు ఉండేది, ప్రతి మలుపు తర్వాత తిరిగొచ్చేది అక్కడికే.

నాకు ఇది పుస్తకంలో చదివి తెలిసింది కాదు. కొన్నేళ్ల కిందట ఒక పాత జపాన్ రేడియో కొన్నాను. పైకి గీత కూడా లేదు. ట్రాక్ మీద నా బగ్గీ మాత్రం తిన్నటి దారిలో ఓసారి ఎడమకి లాగేది, ఓసారి కుడికి. సర్వో, అంటే చక్రాల్ని పక్కకి తిప్పే చిన్న మోటారు, పోయిందనుకుని కొత్తది వేశాను. అదే వరస. ఇంకో సర్వో వేశాను, కాస్త ఖరీదైంది. అయినా మారలేదు. సస్పెన్షన్ మొత్తం విప్పి బిగించాను. చివరికి పక్క టేబుల్ మీదున్న పెద్దాయన నా రేడియో తీసుకుని, మెనూలో సర్వోకి వెళ్లే సిగ్నల్‌ని అంకెల్లో చూపే సర్వో మానిటర్ తెరిచి, వీల్ ఎడమకి తిప్పి వదిలేశాడు. తెర మీద 3 దగ్గర ఆగింది. కుడికి తిప్పి వదిలాడు. మైనస్ 4. మళ్లీ ఎడమకి, ఈసారి 1. నా చేతికి ఇచ్చేసి నవ్వి ఊరుకున్నాడు. రెండు సర్వోల డబ్బుతో ఆ పాట్ ఎన్నిసార్లు మార్పించుకోవచ్చో లెక్కపెట్టడం మానేశాను.

కాబట్టి చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ తెర తెరవండి. సర్వో మానిటర్ చాలా కంప్యూటర్ రేడియోల్లో ఉంటుంది. వీల్ నిదానంగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి, అంకె గానీ గీత గానీ ఎక్కడా ఎగిరిపడకూడదు. తర్వాత ఒక్కో వైపు నుంచి పదేసి సార్లు వదలండి. సున్నా దగ్గరికో, ప్రతిసారీ ఒకే అంకె దగ్గరికో రావాలి. ఎప్పుడూ 2 దగ్గరే ఆగితే మధ్య స్థానాన్ని జరిపే ట్రిమ్‌తో సర్దుకోవచ్చు, రోజుకో మాట చెబితేనే పాట్ పోయినట్టు. ట్రిగ్గర్‌కీ ఇదే పరీక్ష, ముఖ్యంగా బ్రేక్ వైపు.

బ్యాటరీ మూత కూడా తీసి చూడండి. ఆల్కలైన్ సెల్స్ పెట్టి ఏడాది అటకెక్కించిన రేడియోల్లో స్ప్రింగుల మీద తెల్లటి పొడో పచ్చటి చిలుమో కనిపిస్తుంది. పైపైన ఉంటే తుడిస్తే పోతుంది, వైరు లోపలికి పాకితే పోదు. ఏ రకం బ్యాటరీకి తయారైందో కూడా కనుక్కోండి. కొన్ని నాలుగు సెల్స్‌తో నడుస్తాయి, కొన్ని పాతవి ఎనిమిది అడుగుతాయి. రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నిండా ఛార్జ్ అయితే 8.4 వోల్టులు ఉంటుంది, అన్ని రేడియోలూ దాన్ని తట్టుకోవు.

"పాత ఓనర్ సెట్టింగులు తుడిచేయకండి"

ఇది చదివి నవ్వొచ్చింది. పక్కింటాయన కళ్లజోడు మంచి ఫ్రేమని పెట్టుకుంటామా?

స్టీరింగ్ ఎంతవరకు తిరగాలో చెప్పే అంకె ఉంటుంది, ఈపీఏ అంటారు. అది ఆయన కారులోని సర్వో, దాని ఆర్మ్ పొడవు, లింకుల కొలతల్ని బట్టి పెట్టుకున్నది. మీ కారులో చక్రం ఇంకా ముందే ఆగిపోతుంది అనుకోండి, సర్వో మాత్రం తోస్తూనే ఉంటుంది. గుయ్యిమని సన్నగా మోగుతూ వేడెక్కి చివరికి కాలిపోతుంది.

అంతకంటే ప్రమాదం సర్వో మోడ్. సాన్వాలో ఎస్‌హెచ్‌ఆర్, ఎస్‌ఎస్‌ఆర్ అని, ఫుటాబాలో హై స్పీడ్ అని వేగంగా సిగ్నల్ పంపే మోడ్‌లున్నాయి. అవి డిజిటల్ సర్వోలకే, ఎస్‌ఎస్‌ఆర్‌కైతే దానికి తగినట్టు చేసిన సర్వోనే కావాలి. పాతాయన ఆ మోడ్‌లో వదిలేసిన మెమరీ మీద మీ మామూలు అనలాగ్ సర్వో తగిలిస్తే, అది పిచ్చిపట్టినట్టు ఆడటమో పాడైపోవడమో ఖాయం. కొనగానే చేయాల్సిన మొదటి పని మొత్తం రీసెట్. తర్వాత మీ కారుతో బైండ్ చేసి, ఈఎస్‌సీని (మోటారు వేగాన్ని నడిపే పెట్టె) మళ్లీ క్యాలిబ్రేట్ చేసి, సిగ్నల్ పోతే కారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోవాలి. చక్రాలు గాల్లో ఉండేలా కారుని స్టాండ్ మీద పెట్టి, కాస్త ట్రిగ్గర్ నొక్కి, రేడియో ఆఫ్ చేయండి. చక్రాలు ఆగాలి. ఆగకపోతే ఆ కారుని నేల మీద పెట్టకండి.

"మిల్లీసెకన్లు తక్కువైతే గెలుపే"

ఈ మిల్లీసెకన్లు అంటే మన వేలు కదిలాక ఆ మాట కారుకి అందడానికి పట్టే సమయం. ఇందులో కొంత నిజముంది, అందుకే నమ్మేస్తారు. కారు గంటకి 36 కిలోమీటర్ల వేగంలో ఉంటే సెకనుకి 10 మీటర్లు, 10 మిల్లీసెకన్లలో 10 సెంటీమీటర్లు. ట్రాక్ హద్దుగా పెట్టిన పైపు అంచుకి తగలడానికీ తప్పుకోవడానికీ మధ్య తేడా అంతే ఉంటుంది కొన్నిసార్లు. రేసు చేయగా చేయగా, నెమ్మది రేడియోకీ చురుకు రేడియోకీ తేడా వేళ్లకి తెలుస్తుంది కూడా.

అయితే రేడియో ఒక్కటే కాదు కదా దారిలో ఉన్నది. మామూలు అనలాగ్ సర్వోకి దాదాపు 20 మిల్లీసెకన్లకి ఒకసారి సిగ్నల్ అందుతుంది. 60 డిగ్రీలు తిరగడానికి 0.10 సెకను పట్టే సర్వోని మంచిదే అంటాం, అంటే 100 మిల్లీసెకన్లు. వేగమైన మోడ్, దానికి తగ్గ రిసీవర్, దానికి తగ్గ సర్వో మూడూ లేకుండా రేడియో డబ్బా మీది అంకె కోసం అదనంగా డబ్బులిచ్చి లాభం లేదు. పైగా మా గుంపులో సగం మందికి ఒక ల్యాప్‌కీ ఇంకో ల్యాప్‌కీ సెకను తేడా వస్తుంది. నాకూ వస్తుంది, పొట్ట నిండా బిర్యానీ తిన్న రోజు ఇంకా ఎక్కువ వస్తుంది.

"క్రిస్టల్ రేడియోకి రేంజ్ ఎక్కువ"

క్రిస్టల్ రేడియో అంటే ఏ ఛానల్ వాడాలో ఒక చిన్న క్రిస్టల్ ముక్క నిర్ణయించే పాత రకం. రేంజ్ ఎక్కువైనా మనకేం పని? మా ఇండోర్ ట్రాక్‌లో డ్రైవర్ స్టాండ్ నుంచి దూరపు మూల వంద అడుగులు కూడా ఉండదు. అమెరికాలో 27 మెగాహెర్ట్జ్ కార్లకి ఉన్నవి ఆరే ఛానళ్లు, గోధుమ రంగు నుంచి నీలం వరకు ఒక్కోదానికి ఒక్కో రంగు. ఇద్దరి దగ్గర ఒకే రంగు క్రిస్టల్ ఉంటే ఒకరు ఆగాల్సిందే. 75 మెగాహెర్ట్జ్‌లో ఛానళ్లు ఎక్కువే గానీ బాధ అదే. అప్పట్లో ఏ ఛానల్ ఎవరు వాడుతున్నారో తెలియడానికి ట్రాక్‌లో క్లిప్పుల బోర్డు ఉండేది. ఇప్పుడు ఎవరూ దాన్ని పట్టించుకోరు. మీ ఛానల్‌లో ఇంకెవరైనా రేడియో ఆన్ చేస్తే మీ కారు గోడకే. పాత కార్లు సేకరించేవాళ్లు ముచ్చటకి కొనుక్కోవచ్చు. ఒక చిన్న మినహాయింపు మాత్రం ఉంది. ఫుటాబా 3పీకే లాంటి కొన్ని పాత రేడియోల వెనక, సిగ్నల్ పంపే మాడ్యూల్ తీసి 2.4 మాడ్యూల్ పెట్టుకోవచ్చు. మాడ్యూల్‌తో, రిసీవర్లతో కలిపి ఇస్తామంటే ఆలోచించండి. విడిగా వెతుక్కోమంటే వద్దు.

శనివారం మధ్యాహ్నం తమ్ముడి ఫోన్ వచ్చింది. ఒక స్టోర్ పార్కింగ్‌లో, అమ్మే అతని కారు బానెట్ మీద రేడియో పెట్టుకుని చూస్తున్నాడు. "అన్నా, వీల్ రెండు వైపులా సున్నాకే వస్తోంది. ట్రిగ్గర్ బ్రేక్ వైపు నుంచి వదిలితే ఒకసారి 2, ఒకసారి 6. రిసీవర్లు రెండు ఇస్తానంటున్నాడు, నా కార్లు రెండే." పాట్ మార్చుకోవడానికయ్యే ఖర్చు తగ్గించమని అడగమన్నాను. నలభై డాలర్లు తగ్గించాడట. తీసుకున్నాడు.