పెరిగిన చెట్టుకు రిబ్బన్ ఎవరు కత్తిరిస్తారు?

మా మండల కేంద్రంలో బస్టాండు ఎదుట ఒక మర్రిచెట్టు ఉంది. అది చేసిన నేరం ఒక్కటే: ఇప్పటికే పెరిగిపోయింది. అదే మొక్కయితే నాటొచ్చు, నీళ్లు పోస్తూ ఫొటో దిగొచ్చు, ట్రీగార్డు మీద పేరు రాయించుకోవచ్చు. ఎవరి తాతో నాటి వెళ్లిపోయిన మర్రికి రిబ్బన్ ఎవరు కత్తిరిస్తారు?

అయినా మొన్న మొక్కలు నాటే కార్యక్రమంలో దానికీ ఒక డ్యూటీ వేశారు. 'పచ్చదనం పెంచుదాం' అన్న ఫ్లెక్సీని మోయడం. నాలుగంగుళాల మేకులు, నేనే లెక్కపెట్టాను, పద్నాలుగు దిగ్గొట్టారు. ఒక కొమ్మ అడ్డమొచ్చి 'పచ్చదనం'లో 'పచ్చ' కనబడలేదు. రంపం వచ్చింది, కొమ్మ పడింది. కొమ్మ పోగానే పెద్దమనుషుల నెత్తిన ఎండ పడింది. షామియానా వచ్చింది. దాని గుంజకు గుంత తవ్వితే మర్రి వేరు తగిలింది. గొడ్డలి వచ్చింది. ఇంతా అయ్యాక మొక్క వచ్చింది. దాన్ని ఒకాయన పట్టుకున్నారు, మిగతా ఎనిమిదిమంది ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఫొటోలో మొక్క తప్ప అందరూ బాగా పడ్డారు. వారం తిరక్కుండా దాన్ని మేక తినేసింది. మేకులు మర్రికి, మొక్క మేకకు. లెక్క సరిపోయింది.

ఊడల సంగతి ఇంకా ఘోరం. లారీలకు తగులుతున్నాయని ఏటా నరికేస్తారు. ఊడంటే చెట్టు క్షవరం మానేసి పెంచుకున్న జుట్టనుకున్నారు కాబోలు. అది నేలలో దిగి, లావెక్కి నిలబడితేనే అడ్డంగా పాకిన కొమ్మ బరువు ఆగుతుంది. పిల్లర్లు పీకేసి, స్లాబు కూలితే స్లాబును తిడతారా? గాలివానకు కొమ్మ విరగ్గానే 'ముసలి చెట్టు, ప్రమాదకరం' అని కొట్టేయడానికి ఫైలు తయారు. ముసలిదై పడలేదయ్యా, కాళ్లు మీరు నరికారు! కొమ్మ కింద స్కూలు పిల్లలు నిలబడతారని అప్పుడు గుర్తుకు రాలేదా?

మహబూబ్‌నగర్ పక్కనే పిల్లలమర్రి ఉంది కదా, 700 ఏళ్లదని చెప్పుకునేది. ఊడలు పట్టుకుని ఊగాం, బెరడు మీద ప్రేమలు చెక్కాం. చెదలు ఎక్కడిదాకా వెళ్లాయో ఎవరూ చూడలేదు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక గేటు మూశారు. 2018లో చెదల మందు కలిపిన సెలైన్ బాటిళ్లు కొమ్మలకు వేలాడదీసి చుక్క చుక్కా ఎక్కించారు. సెలైన్ పెడితే తప్ప మనకు ప్రేమ పుట్టదు, మనుషుల మీదైనా అంతే. కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కూడా కట్టారు. ఊడలు పైసా అడగకుండా చేసే పనికి!

మా మర్రికి అంత యోగం వద్దు. ఒక శిలాఫలకం చాలు. 'ఈ వృక్షాన్ని నాటినవారు' అని మీ పేరే రాయించుకోండి, సాక్షి సంతకం నేను పెడతాను. కాకపోతే దాన్ని మేకులు కొట్టి పెట్టకండి. సుతిలితో కట్టండి.