ఆడుకుంటే పిల్లల మెదడు పాడవుతుందట!

వారంలో ఆరోసారి అదే మెసేజ్. ఈసారి మా పెద్దమ్మ పంపింది, కింద "చదివి ఆలోచించు తల్లీ" అని రాసి మరీ. స్నేహితులు పంపినప్పుడు చూసీ చూడనట్టు వదిలేశాను. మేం పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటున్నామని తెలిసిన ప్రతి ఒక్కరికీ ఇది నాకే పంపాలనిపిస్తుంది కాబోలు. అందులో ఉన్నది ఇది: మెదడు 90 శాతం ఐదేళ్లలోపే తయారైపోతుంది కాబట్టి ఆటలో పోయిన ప్రతి గంటా తిరిగిరాని నష్టం, ఆట వేరు, చదువు వేరు, బడికి పోని పిల్లలకి స్నేహితులుండరు, జర్మనీలో ఇంటి చదువు నిషేధం.

జర్మనీ మాట నిజమే, అక్కడ బడికి వెళ్లడం చట్టప్రకారం తప్పనిసరి. కానీ ఆ చట్టానికీ ఆటకీ ఏం సంబంధం? 1837లో ఫ్రోబెల్ అనే విద్యావేత్త చెక్క దిమ్మలు, బంతులతో చిన్నపిల్లలకి నేర్పడం మొదలుపెట్టింది కూడా ఆ గడ్డమీదే. కిండర్‌గార్టెన్ అన్న పేరు ఆయన పెట్టిందే. ఇక స్నేహితులంటారా, మా పిల్లలకి ఉన్నారు. సాయంత్రం మా ఇంటికొస్తే ఆ గోలలో మీ మాట మీకే వినపడదు.

నాకు ఒళ్లు మండేది ఆ 90 శాతం దగ్గర. ఆరేళ్లు వచ్చేసరికి మెదడు పెద్దవాళ్ల మెదడులో దాదాపు 90 శాతానికి చేరుతుందన్నది నిజం, కానీ ఆ లెక్క సైజుది. లోపల కనెక్షన్లు ఏర్పడటం, గట్టిపడటం, వాడనివి తగ్గిపోవడం ఇరవై ఏళ్లు దాటాక కూడా సాగుతూనే ఉంటాయి. ఐదేళ్లకి తలుపు మూసేస్తారని ఎవరు చెప్పారు? సైజు లెక్కని తెలివి లెక్కగా మార్చేసి, చివర మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి ఊరంతా పంచేస్తే, దాన్ని నమ్మి మూడేళ్ల బిడ్డ చేతికి పెన్సిలిచ్చి, వేళ్లకి ఇంకా పట్టే దొరకని వయసులో, ఏడుస్తున్నా ఆపకుండా దిద్దించే తల్లిని నేను కళ్లారా చూశాను. ఆమెకి బిడ్డంటే ప్రాణం. ఇలాంటి మెసేజీలు చదివీ చదివీ అంత టెన్షన్ పట్టుకుంది. ఫిన్లాండ్‌లో పిల్లలు మొదటి తరగతిలో చేరేది ఏడేళ్లకి. మరి ఆ దేశం దేశమంతా మెదళ్లు పోగొట్టుకుని కూర్చుందా?

ఆట వేరు, చదువు వేరు అంటారు కదా. మొన్న మా అమ్మాయి, ఆరేళ్లది, మంచాన్ని జానలతో కొలిచింది. పద్నాలుగు వచ్చాయి. నేను కొలిస్తే తొమ్మిదే. "అమ్మా, మంచం చిన్నదైపోయిందా?" అంది. నేనేం చెప్పలేదు. కాసేపు తన చెయ్యి నా చేతిమీద ఆనించి చూసుకుని, "అయితే అందరికీ ఒకే చెయ్యి కావాలి" అంటూ వెళ్లి స్కేలు తెచ్చింది. కొలతలకి ప్రమాణం ఎందుకన్నది నేను బోర్డు మీద రాసి చెప్పినా అంత బాగా ఎక్కేది కాదు. ఇది మా ఒక్క ఇంటి ముచ్చటే అనుకుంటే, రామాని, సీగ్లర్ అనే ఇద్దరు 2008లో చేసిన పరిశోధన చూడండి. నాలుగైదేళ్ల పిల్లలతో ఒకటి నుంచి పది దాకా గడులున్న ఆట ఆడించారు, రెండు వారాల్లో నాలుగే సార్లు, ఒక్కోసారి ఓ పావుగంట. అంకెల మీద పట్టు స్పష్టంగా పెరిగింది. గడుల్లో అంకెలకి బదులు రంగులు పెట్టి ఆడించిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. ఆటలో అంకె ఉంది, పక్కన కూర్చుని గడి గడికీ దాన్ని బిడ్డతో పైకి చెప్పించే మనిషి ఉన్నారు. మేం రోజూ చేసేది అదే. పిల్లల్ని గాలికొదిలేసి ఫోన్ పట్టుకుని కూర్చోవడాన్ని ఆటతో చదువు అని ఎవరూ అనలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఆ మెసేజ్‌లో లేకపోయినా. చదవడం దానంతటదే వచ్చేస్తుందని నేనూ నమ్మాను. పెద్దమ్మాయికి అలాగే వచ్చింది. బాబుకి రాలేదు. కథలు చదివి వినిపించాను, అక్షరాల ముక్కలతో ఆడించాను, ఏడున్నరేళ్లు దాటినా గుణింతాల దగ్గరే తడబడేవాడు. వస్తుందిలే, వస్తుందిలే అంటూ దాదాపు ఏడాది పోగొట్టాను. బడిలో అయితే ఏ టీచరో అంతకు ముందే పట్టుకునేవారేమో. చివరికి రోజూ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి ఒక్కో గుర్తు, ఒక్కో శబ్దం వరసగా నేర్పాల్సి వచ్చింది. అది ఆట కాదు, వాడికి సరదాగానూ అనిపించలేదు, కానీ అవసరమైంది. ఇంట్లో చదివించేవాళ్లు భయపడాల్సింది ఇలాంటి చోట. బిడ్డ ఎక్కడ ఆగిపోయాడో చూసేది మనం తప్ప ఇంకెవరూ లేరు.

పెద్దమ్మా, నీకు ఫోన్‌లో కూడా చెప్తాను. నలుగురికీ పంపాలనిపిస్తే పంపు, కానీ ఆ 90 శాతం లైను తీసేసి పంపు. మీ వీధిలోనే మూడేళ్ల పిల్లలు నలుగురున్నారు.