మార్ఫిన్ ఎలుకను కలుపుగోలుగా మారుస్తుందా?

తల్లి నుంచి వేరుచేసిన కుక్కపిల్ల అదేపనిగా ఏడుస్తుంది. 1970ల చివర అమెరికాలోని ఒహాయోలో, బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన యాక్ పాంక్‌సెప్ బృందం, అలాంటి పిల్లలకు మగత కూడా రానంత తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇచ్చి చూస్తే ఆ ఏడుపు బాగా తగ్గింది. కోడిపిల్లల్లోనూ అంతే, పైగా ఓపియాయిడ్ గ్రాహకాలను (మార్ఫిన్, దానిలాంటి పదార్థాలైన ఓపియాయిడ్లు అతుక్కుని పనిచేసే మెదడు కణాల భాగాలను) అడ్డగించే నాలోక్సోన్ ఇస్తే వాటి అరుపులు పెరిగాయి. ఒంటి నొప్పిని అణచే వ్యవస్థే ఎడబాటు బాధనూ అణచివేస్తుందన్న ప్రతిపాదన ఈ ప్రయోగాల నుంచి పుట్టింది.

ఇంతవరకే చూస్తే, మార్ఫిన్ అందిన జంతువుకు తోడు అవసరం తగ్గుతుందని అనిపిస్తుంది. కానీ కొన్ని గంటలు ఒంటరిగా ఉంచిన ఎలుక పిల్లలను జతచేసి, ఒకటి మరొకదాని మెడ మీదికి దూకి వెల్లకిలా పడగొట్టే ఆటను లెక్కిస్తే, తక్కువ మోతాదు మార్ఫిన్ ఆ ఆటను పెంచుతుంది, నాలోక్సోన్ తగ్గిస్తుంది. ఒకచోట తోడు మీద కోరికను తగ్గించిన మందే మరోచోట ఎందుకు పెంచింది? ఇది వైరుధ్యం కాదని నా అభిప్రాయం. తోడు దొరికినప్పుడు మెదడు తానే విడుదల చేసుకునే ఓపియాయిడ్లకు ఎడబాటులో మార్ఫిన్ బదులుగా నిలుస్తుంది. ఆట సాగుతున్నప్పుడు అప్పటికే ఉన్న సంతోషానికి మరికొంత కలుపుతుంది. మందు ‘సామాజికతను పెంచుతుంది’ అనో ‘తగ్గిస్తుంది’ అనో ఒక్క మాటలో తేల్చే వార్తలు, ఆ క్షణాన జంతువు ఏ స్థితిలో ఉందన్న అసలు విషయాన్నే వదిలేస్తాయి.

2004లో వెలువడిన ఒక ఎలుకల పరిశోధన దీనికి బలమిస్తుంది. మార్ఫిన్ ప్రధానంగా పనిచేసే మ్యూ ఓపియాయిడ్ గ్రాహకం లేకుండా పుట్టించిన పిల్లలు తల్లి నుంచి వేరుచేసినప్పుడు తక్కువగా అరిచాయి, కానీ చలికి మాత్రం మామూలుగానే స్పందించాయి. అంటే వాటికి అరవడం చేతకాక కాదు, తల్లి తోడులోని హాయిని మొదటి నుంచీ సరిగా ఎరగనందున, తల్లి లేని లోటు తగినంతగా తాకక.

గంజాయి తరహా పదార్థాల సంగతి ఇంకా సున్నితమైనది. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ పనిచేసే గ్రాహకానికే అతుక్కునే పదార్థం మెదడులోనే తయారవుతుందని 1992లో జెరూసలేంలో రఫాయెల్ మెషూలమ్ బృందం కనుగొని, సంస్కృతంలోని ‘ఆనంద’ అన్న మాటతో దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టింది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో వివియానా ట్రెజ్జా, లౌక్ వాండర్‌షూరెన్ 2008లో చేసిన పోలిక ఎంతో విలువైనది. ఆనందమైడ్ విచ్ఛిన్నం కాకుండా ఆపే యూఆర్‌బీ597 కౌమార ఎలుకల ఆటను పెంచగా, గ్రాహకాలను నేరుగా ప్రేరేపించే విన్ 55,212-2 అదే ఆటను తగ్గించింది. మొదటిది, ఆట సాగుతుండగా మెదడు అవసరమైనచోట విడుదల చేసుకున్న ఆనందమైడ్‌నే మరికొంతసేపు నిలుపుతుంది. రెండోది ఆ గ్రాహకమున్న ప్రతి చోటా ఒకేసారి పనిచేసి, ఎదుటి ఎలుక కదలికను గమనించి బదులివ్వడాన్ని దెబ్బతీస్తుంది. కాబట్టి ఆనందమైడ్ మేలు చేస్తుందన్న ఫలితాన్ని గంజాయి మేలు చేస్తుందనడానికి సాక్ష్యంగా చూపడం తప్పు.

ప్రశ్నను తిప్పి, తోడు మత్తుమందు వాడకాన్ని మారుస్తుందా అని కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ అలెగ్జాండర్ అడిగారు. విశాలమైన ఆవరణలో గుంపుగా ఉన్న ఎలుకలు, ఒంటరి బోనుల్లోని వాటికన్నా తక్కువ మార్ఫిన్ ద్రావణం తాగాయి. ఆ ఫలితం తర్వాతి ప్రయత్నాల్లో నిలకడగా రాలేదన్నదీ చెప్పి తీరాలి. అయితే 2018లో మార్కో వెనిరో, యావిన్ షహామ్ బృందం మీట నొక్కి మత్తుమందునో తోటి ఎలుకనో ఎంచుకునే అవకాశమిచ్చినప్పుడు, మత్తుమందుకు బాగా అలవాటుపడ్డ ఎలుకలు కూడా తోటి ఎలుకనే ఎంచుకున్నాయి. ఆ తోడు ఆలస్యంగా అందినప్పుడు గానీ, దాని కోసం శిక్ష భరించాల్సి వచ్చినప్పుడు గానీ, మత్తుమందు నుంచి తోడు ఇచ్చే ఆ రక్షణ బలహీనపడింది.