సవరణ: బ్రోకా పరిశోధన ఫ్రెనాలజీకి రుజువు కాదు

పుర్రె మీది ఎత్తుపల్లాలను బట్టి మనిషి గుణగణాలు చెప్పవచ్చన్న ఫ్రెనాలజీ గురించి గత వారం రాసిన టపాలో, 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా మాట్లాడే శక్తికి మెదడులో స్థానం చూపించి ఆ సిద్ధాంతాన్ని నిరూపించాడని పేర్కొన్నాను. అది తప్పు. ఒక పాఠకురాలు ఎత్తిచూపిన తరువాత నాడీశాస్త్ర చరిత్ర గ్రంథాలను మళ్లీ చదివి సరిచూసుకున్నాను.

బ్రోకా పుర్రెను తడిమి ఆ నిర్ణయానికి రాలేదు. ఏళ్ల తరబడి ‘టాన్’ అన్న మాట తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయిన రోగి మరణించాక, పారిస్‌లో అతని మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బతిన్న చోటును గుర్తించాడు. ఫ్రెనాలజీకి మూలపురుషుడైన ఫ్రాంజ్ జోసెఫ్ గాల్ మాత్రం, ఉబ్బిన కళ్లున్న సహపాఠులు పాఠాలను సులువుగా కంఠస్థం చేయడం చిన్నప్పుడు గమనించి, ఆ ఆధారంతో మాటల జ్ఞాపకశక్తిని కళ్ల వెనుక ఉన్న మెదడు భాగానికి అంటగట్టాడు.

అయితే రెండింటికీ సంబంధమే లేదనడమూ సరికాదు. వేర్వేరు శక్తులకు మెదడులో వేర్వేరు స్థానాలుంటాయన్న గాల్ ఆలోచనను ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్లూరాన్స్ జంతువులపై చేసిన ప్రయోగాలతో తోసిపుచ్చినా, గాల్‌ను సమర్థించిన వైద్యుడు బూయో 1825లో వాక్శక్తిని మెదడు ముందుభాగాలకు ముడిపెట్టి వాదించాడు; ఆ వాదమే చర్చల మీదుగా బ్రోకా దాకా వచ్చింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఈ గొలుసునే నేను తప్పుగా చెప్పాను.

‘ఫ్రెనాలజీ’ అన్న పేరు కూడా, నేను రాసినట్టు, గాల్ పెట్టింది కాదు. 1815లో ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రవేత్త థామస్ ఫోర్‌స్టర్ వాడిన ఆ పదాన్ని గాల్ శిష్యుడు ష్పుర్జ్‌హైమ్ ప్రచారంలోకి తెచ్చాడు. పాత టపాలో ఈ రెండు వాక్యాలనూ మార్చాను.