సాండ్ పేపర్‌తో లెన్స్ బాగుచేసే మహానుభావులకు

"కొత్త లెన్స్ ఆటోఫోకస్ కావట్లేదా? సర్వీస్ సెంటర్‌లో పైసలు పోగొట్టుకోకండి, ఇంట్లోనే బాగుచేసుకోండి" అనే మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. నల్లగొండ ఫోటోగ్రాఫర్ల గ్రూపులో ఒకాయన పెట్టాడు. మిర్యాలగూడ నుంచి ఇంకొకాయన, దేవరకొండ నుంచి మరొకాయన పంపారు. ఆఖరికి పాలమూరులో ఉండే మా బామ్మర్ది కూడా పంపాడు, అతనికి కెమెరానే లేదు. పెండ్లి ముహూర్తాలు వస్తే అందరూ కొత్త లెన్సులు కొంటారు, వాటి వెనకాలే ఇదీ వస్తుంది.

చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది చెప్తాను. ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి, పెంచాలట. ఫోకస్ పాయింట్లు, అంటే ఫ్రేమ్‌లో కెమెరా ఫోకస్ పట్టే చోట్లు, అన్నీ ఆన్ చేయాలట. ముందున్న ఫిల్టర్ తీసేయాలట. లెన్స్ వెనక, కెమెరాకు కరెంటు కలిపే బంగారు రంగు కాంటాక్టులను సాండ్ పేపర్‌తో రుద్దాలట. ఫ్రంట్ ఫోకస్ వస్తుంటే, అంటే అనుకున్న చోటికంటే ముందున్నది షార్ప్‌గా వస్తుంటే, మౌంట్ (లెన్స్‌ను కెమెరాకు తగిలించే రింగు) స్క్రూలు విప్పి సన్నటి కాగితం ముక్క పెట్టాలట. ఇవన్నీ చేసినా కాకపోతే అది డూప్లికేట్ లెన్సేనట.

ఐఎస్ఓకు దీనితో సంబంధం లేదు. డీఎస్ఎల్ఆర్‌లో (లోపల అద్దం ఉండే కెమెరాలో) వ్యూఫైండర్ నుంచి చూస్తున్నప్పుడు ఫోకస్ పట్టేది కెమెరా అడుగున విడిగా ఉండే ఏఎఫ్ (ఆటోఫోకస్) సెన్సర్. దానికి కావాల్సింది మండపం మీద వెలుతురు. మెనూలో మీరు 6400 పెట్టినా దానికి తెలియదు.

పాయింట్లన్నీ ఆన్ చేస్తే ఏమవుతుందో తలంబ్రాల టైంలో చూడండి. కెమెరా చాలాసార్లు దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది. గాలిలో బియ్యం గింజలు షార్ప్‌గా, పెండ్లికూతురు మసకగా వస్తుంది. తిట్లు మాత్రం లెన్స్‌కు. కెనన్ 1500డిలో 9 పాయింట్లు, నికాన్ డి3500లో 11. రెండింటిలోనూ నిలువు గీతనూ అడ్డ గీతనూ రెండూ పట్టగల క్రాస్ పాయింట్ ఒకటే, అది నడిమిది. పక్క పాయింట్‌ను వరుడి తెల్ల చొక్కా భుజం మీద పెట్టి "హంట్ అవుతోంది" (ఫోకస్ దొరక్క ముందుకూ వెనక్కూ తిరుగుతోంది) అంటే లెన్స్ ఏం చేస్తుంది? నడిమి పాయింట్ ఒక్కటే పెట్టుకుని, కంటి మీదో చీర అంచు మీదో ఫోకస్ చేయండి. మిర్రర్‌లెస్‌లో (అద్దం లేని కెమెరాలో) కంటి ఫోకస్ ఉన్నవాళ్ళ లెక్క వేరు, వాళ్ళు ఈ పేరా వదిలేయొచ్చు.

ఫిల్టర్ పాయింట్ దగ్గర నవ్వుదామనుకున్నాను కానీ అందులో నిజం ఉంది. పాత లీనియర్ రకం పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పెడితే డీఎస్ఎల్ఆర్ ఆటోఫోకస్ తికమక పడుతుంది. సర్క్యులర్ రకం తెచ్చిందే ఈ గొడవ తప్పించడానికి. మరీ చీప్ యూవీ ఫిల్టర్ టెలీ లెన్స్ ముందు పెడితే ఫోటో సాఫ్ట్ అవుతుంది కూడా. తీసి చూడటానికి ఖర్చేమీ లేదు. మెసేజ్ రాసినాయనకు ఈ ఒక్క మార్కు వేస్తున్నాను.

ఇక సాండ్ పేపర్. నిన్న డబ్బాలోంచి తీసిన లెన్స్ కాంటాక్టులకు ఏం మురికి పట్టి ఉంటుందయ్యా? వాటి మీద ఉన్నది పలుచటి బంగారు పూత, తుప్పు పట్టకుండా వేసింది. నాలుగు రుద్దులకు అది పోతుంది. ఆ రాలిన పొడి వెనక గ్లాసు మీద, అక్కడి నుంచి బాడీలో పడుతుంది. వేలిముద్ర ఉందని అనుమానమైతే పొడి మైక్రోఫైబర్ గుడ్డతో ఒకసారి తుడవండి. లెన్స్ తీసి, టక్కుమని లాక్ పడేదాకా మళ్ళీ తిప్పండి, చాలు. సాండ్ పేపర్ దర్వాజాలకు వాడుకోండి.

అన్నింటికంటే నాకు ఒళ్ళు మండింది కాగితం ముక్క దగ్గర. కెనన్ ఈఎఫ్ మౌంట్ నుంచి సెన్సర్‌కు దూరం 44 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్ మౌంట్‌లో 46.5. కంపెనీవాళ్ళు అంత లెక్కగా బిగించిన దాని మధ్యలో మీరు పెండ్లి కార్డు ముక్క పెడతారా? పోనీ పెట్టారు. ఫ్రంట్ ఫోకస్ అంటే ఏఎఫ్ సెన్సర్ "ఇక్కడ సరిపోయింది" అన్న చోటికీ, ఫోటోలో నిజంగా షార్ప్‌గా పడిన చోటికీ తేడా. కాగితం పెడితే లెన్స్ ఏఎఫ్ సెన్సర్‌కూ, ఫోటో పడే ఇమేజ్ సెన్సర్‌కూ ఒకే కొలతలో దూరం జరుగుతుంది. కెమెరా మళ్ళీ ఫోకస్ తిప్పుకుంటుంది, పాత తేడా ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇంకా అదనంగా ఇన్ఫినిటీ పోతుంది, అంటే రేపు సాగర్ డ్యామ్ దగ్గర దూరపు కొండ షార్ప్‌గా రాదు. కాగితం ఒక పక్క మందంగా ఉంటే ఫ్రేమ్‌లో ఆ పక్క సాఫ్ట్. మౌంట్ ఊడదీసేటప్పుడు కాంటాక్టుల నుంచి లోపలి బోర్డుకు వెళ్ళే సన్నటి రిబ్బన్ తెగితే అప్పుడు నిజంగానే ఆటోఫోకస్ ఉండదు. వారంటీ సంగతి వేరే చెప్పాలా?

ఫ్రంట్ ఫోకస్ అనుమానం ఉంటే ముందు అది ఉందో లేదో చూడండి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం స్తంభాల మీద చెక్కడం ఉంది, ఏఎఫ్‌కు అంతకంటే మంచి టార్గెట్ దొరకదు. పగటి వెలుగు బాగా పడే స్తంభం చూసుకుని ట్రైపాడ్ వేయండి. వ్యూఫైండర్‌తో ఒక ఫోటో, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఒకటి తీయండి. లైవ్ వ్యూలో ఫోకస్ చూసేది ఇమేజ్ సెన్సరే. అది షార్ప్‌గా, వ్యూఫైండర్‌ది ప్రతిసారీ ఒకే వైపు తప్పుగా వస్తే తేడా ఉన్నట్టు. కెనన్ 6డి, 80డి, నికాన్ డి7200, డి750 లాంటి వాటిలో దాన్ని మెనూలోనే సరిచేసుకోవచ్చు. 1500డి, డి3500లలో ఆ ఆప్షన్ లేదు, బాడీ లెన్స్ రెండూ కలిపి సర్వీస్‌కు ఇవ్వాలి. ఇంకోటి, క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ కెమెరా) మీద 50 ఎంఎం ఎఫ్ 1.8తో మీటరు దూరంలో షార్ప్‌గా ఉండేది రెండున్నర సెంటీమీటర్లే. ముక్కు మీద ఫోకస్ చేసి కన్ను సాఫ్ట్ అంటే అది ఫ్రంట్ ఫోకస్ కాదు. ఫ్రేమ్ మొత్తం ఒకే దిక్కుకు సాగినట్టుంటే అది ఫోకసే కాదు, చెయ్యి కదిలింది.

డూప్లికేట్ లెన్సట! డి3500కు 50 ఎంఎం ఎఫ్ 1.8డి పెడితే ఆటోఫోకస్ రాదు, ఎందుకంటే ఆ లెన్స్‌లో మోటార్ లేదు, ఆ బాడీలోనూ లేదు. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో నికాన్ మిర్రర్‌లెస్ జెడ్ బాడీకి పెట్టినా అంతే. కొత్త రకం మోటార్ ఉన్న ఏఎఫ్-పి లెన్స్ తెచ్చి పాత డి90కి పెట్టినా రాదు. అన్నీ ఒరిజినలే, జోడీ కుదరలేదు. కెనన్ 70-200 ఎఫ్ 2.8 రెండో వర్షన్ మీద ఎంత దగ్గర నుంచి ఫోకస్ వెతకాలో చెప్పే ఒక స్విచ్ ఉంటుంది, అది 2.5 మీటర్ల దగ్గర ఉంటే రెండు మీటర్ల దూరంలో నిలబడ్డ పెండ్లికూతురు మీద ఎంత నొక్కినా ఫోకస్ పడదు. సెకండ్ హ్యాండ్ బాడీ కొన్నవాళ్ళు ఇంకోటి చూడండి. పాత ఓనర్ ఫోకస్‌ను వెనక బటన్‌కు మార్చుకుని ఉంటే షట్టర్ బటన్ హాఫ్ ప్రెస్‌కు ఏమీ కదలదు. లెన్స్ పక్కనున్న ఏఎఫ్-ఎంఎఫ్ (ఆటో-మాన్యువల్) స్విచ్ గురించి నేను చెప్పను, చెప్తే మీకు కోపం వస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా ఫోకస్ పడకపోతే లెన్స్‌లోనే లోపం ఉండొచ్చు, కొత్తవాటిలోనూ వస్తుంది. బిల్లు, వారంటీ కార్డు, వ్యూఫైండర్‌తో, లైవ్ వ్యూలో తీసిన ఆ రెండు ఫోటోలు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు పోండి. వాళ్ళు మొదట చూసేది మౌంట్ స్క్రూల మీద గీతలు పడ్డాయా అనే.